హాగిస్ ఉండలు, అత్తయ్య గారి మౌనం, ఒకే ఒక్క ఎయిర్ ఫ్రైయర్

ఈ వారం ఉత్తరం గ్లాస్గో నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలో రెండున్నర పేజీలు బ్రెడ్ పొడి గురించే ఉంది. మిగిలిన పేజీన్నర అత్తగారి గురించి.

ఉత్తరం రాసినావిడది విజయవాడ. భర్త ఉద్యోగం మీద మూడేళ్ల కిందట గ్లాస్గో వెళ్లారు. పాతకాలపు ఎర్రరాతి టెనెమెంట్‌లో రెండో అంతస్తులో కాపురం. ఎనిమిది ఇళ్లకీ కలిపి ఒకటే మెట్లదారి. దాన్ని అక్కడ 'క్లోజ్' అంటారు. పై అంతస్తులో డెబ్భై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పాప పుట్టినప్పుడు మనవాళ్లెవరూ దగ్గర లేకపోతే ఆ పెద్దావిడే రోజూ సూప్ గిన్నె పట్టుకుని దిగొచ్చి, పాపను ఎత్తుకుని, "నువ్వు కాసేపు పడుకో" అనేవారట. పాపకి ఆవిడ 'గ్రానీ'.

మొన్న డిసెంబరు 31 రాత్రి, అంటే అక్కడివాళ్ల హాగ్మనే నాడు, ఆ పెద్దావిడ వీళ్లను పైకి పిలిచారు. అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టేది పొడుగ్గా, నల్లజుట్టుతో ఉన్న మగమనిషైతే ఆ ఏడాది ఇంటికి మంచిదని స్కాట్లాండ్‌లో నమ్మకం. ఈవిడ భర్త ఆ రెండు లెక్కలకీ సరిపోయాడు. ఆయన చేత మొదటి అడుగు వేయించుకున్నారు. ఆ సంబరంలో ఈవిడ నోరు జారారు. "ఈసారి బర్న్స్ నైట్ మా ఇంట్లో. హాగిస్ బాన్‌బాన్లు నేనే చేస్తాను" అనేశారు. క్లోజ్‌లో ఉన్నవాళ్లు తొమ్మిదిమంది వస్తున్నారు, జనవరి 25న.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బర్న్స్ నైట్ అంటే స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజున చేసుకునే విందు. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్ రవ్వ, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి, పూర్వం గొర్రె పొట్టసంచిలోనే కూరి ఉడికించే వంటకం. బోటీ కూర తినే ఇళ్లలో పెరిగినవాళ్లకు వింతేమీ కాదు. దాన్ని చిన్న ఉండలు చేసి బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తే బాన్‌బాన్.

జనవరి మొదటి ఆదివారం ఎయిర్ ఫ్రైయర్‌లో ఒకసారి చేసి చూశారు. ఉండలు పగిలాయి. ఒక వైపు సున్నం కొట్టినట్టు తెల్లగా, ఇంకో వైపు గోధుమరంగు. పొడి లేచిపోయి పైనున్న కాయిల్‌కి తగిలి మాడువాసన. లోపల మాత్రం ఎండిపోయిన పిడచ.

అసలు సంగతి ఇకముందు ఉంది. అత్తగారు నవంబరులో ఆరునెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. శుద్ధ శాకాహారి, కోడిగుడ్డు కూడా ముట్టరు. గుండెకి స్టెంటు వేశారు, నూనె తగ్గించమన్నారు. ఆ ఎయిర్ ఫ్రైయర్ కొన్నదే ఆవిడ కోసం. ఆ ఆదివారం ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి లోపల ఏం వేగుతోందో చూశారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి అందులో చేసిందేదీ తినడం లేదు. "ఆకలిగా లేదమ్మా" అని పెరుగన్నం కలుపుకుంటున్నారు. భర్తేమో, "కడిగేస్తే పోతుంది, ఈసారి అమ్మకి చెప్పకు" అంటున్నాడు. ఎయిర్ ఫ్రైయర్ కుదరకపోతే నూనెలో వేయించెయ్, లేదా ఫ్రోజెన్‌వి కొనెయ్ అనీ అంటున్నాడు.

ఉత్తరం ఇలా ముగిసింది: "మాట ఇచ్చాను, వెనక్కి తీసుకోలేను. అత్తయ్య గారి ముందు తలెత్తలేకపోతున్నాను. ముందు ఏది సరిచేసుకోవాలి? గుడ్డు చుట్టూ కీమా కప్పి వేయించే స్కాచ్ ఎగ్‌లు కూడా చేద్దామనుకుంటున్నాను, చెయ్యనా?"

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బ్రెడ్ పొడి దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే అది నా పాత గాయం. నేను ఎడిన్‌బరోలో ఉన్న రోజుల్లో నా మొదటి హాగిస్ ఉండలు కూడా ఇలాగే బద్దలయ్యాయి. రెండోసారి చదివినప్పుడు మూడో పేజీలో ఓ చిన్న వాక్యం కనబడింది. మీరు దాన్ని తమాషాగా రాసి ముందుకెళ్లిపోయారు. "అత్తయ్య గారు వచ్చిన కొత్తలో దాంట్లో మినప గారెలు వేశారు. పిండి జాలీలోంచి కారిపోయి రబ్బరు ముక్కల్లా వచ్చాయి, మా ఆయన పడీ పడీ నవ్వారు."

తేదీలు చూసుకోండి. గారెలు నవంబరులో. హాగిస్ జనవరిలో. ఆవిడ మాట తగ్గించింది ఎప్పటినుంచి? మీరే ఇంకోచోట రాశారు, "డిసెంబరులో కూడా పెద్దగా మాట్లాడలేదు, చలికి అనుకున్నాను" అని. చలి నిజమే, గ్లాస్గోలో డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. కానీ నలభై ఏళ్లుగా గారెలు వేస్తున్న చెయ్యి, కొడుకు ఇంట్లో, కోడలి ముందు, ఓ ప్లాస్టిక్ డబ్బా చేతిలో ఓడిపోయింది. దానికి కొడుకే నవ్వాడు. హాగిస్ దాని మీద పడ్డ రెండో దెబ్బ కావచ్చని నా అనుమానం. నేను పొరబడుతూ ఉండొచ్చు, ఆవిణ్ణి నేను చూడలేదు. మీరు చూశారు.

అందుకే ముందు వంట సంగతి తేల్చుకుందాం. వంట తేలితే రెండోదానిలో సగం అదే తేలుతుంది.

ఎయిర్ ఫ్రైయర్ పేరులో వేపుడు ఉంది గానీ అది వేయించదు. పైన ఓ కాయిల్, దాని మీద ఫ్యాను, వేడిగాలిని గట్టిగా కిందికి తోస్తుంది. చిన్న గదిలో పెద్ద గాలి, అంతే. నూనెలో వేసినప్పుడు ఏం జరుగుతుంది? నూనె వస్తువును అన్ని వైపులా ఒక్కసారి పట్టుకుంటుంది. జారు పిండి క్షణంలో గట్టిపడుతుంది, బ్రెడ్ పొడిలోని ప్రతి పలుకుకీ నూనె అంటి ఎర్రబడుతుంది. గాలి ఆ పని చెయ్యలేదు. అందుకని గారెల పిండి గట్టిపడేలోపే జాలీలోంచి కారిపోతుంది. బ్రెడ్ పొడి ఏమో తడి ఆరిపోయి, నూనె అందక, తెల్లగా అలాగే ఉండిపోతుంది. అత్తయ్య గారి గారెలు, మీ బాన్‌బాన్లు చెడింది ఒకే కారణానికి. ఈ మాట మీ వారికి కూడా చదివి వినిపించండి.

గారెలకి మందు లేదు, అవి బాణలిలోనే పుట్టాలి. బాన్‌బాన్లకి ఉంది. నూనె తర్వాత అందదు కాబట్టి ముందే పెట్టెయ్యాలి.

వంద గ్రాముల పాంకో తీసుకోండి. అంటే జపాను పద్ధతి బ్రెడ్ పొడి, రేకులు రేకులుగా ఉండేది, అన్ని సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. పెద్ద పెనంలో సన్నసెగ మీద ఓ పెద్ద చెంచాడు నూనె వేసి, పాంకో వేసి, రవ్వ వేయించినట్టే కలుపుతూ ఉండండి. నాలుగైదు నిమిషాలకి లేత బంగారు రంగు వస్తుంది, ఉప్మా రవ్వ వాసన కాక బిస్కెట్టు వాసన వస్తుంది. అక్కడ ఆపండి. ఇంకా ఎర్రబడితే ఫ్రైయర్‌లో మాడుతుంది. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లార్చండి. ఇక రంగు గురించి మీకు దిగులు లేదు, రంగు ముందే వచ్చేసింది. ఫ్రైయర్ చేయాల్సింది కరకరలాడించడం, లోపల వేడెక్కించడం, రెండే.

ఇక ఉండలు. మీరు హాగిస్‌ని ఉడకబెట్టి, వేడి మీదే ఉండలు చేశానని రాశారు. పగిలింది అక్కడే. దుకాణంలో అమ్మే హాగిస్ ముందే ఉడికించినది. ఇంటికి తెచ్చి మనం చేసేది వేడెక్కించడమే. వేడి హాగిస్‌లో కొవ్వు కరిగి జారుగా ఉంటుంది, లోపల ఆవిరి ఉంటుంది, ఆ ఆవిరి పై పొరను చీల్చుకుని బయటికొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి హాగిస్ తొక్క చీల్చి, గిన్నెలో వేసి, చేత్తో మెదపండి. మొదట పొడిపొడిగా విడిపోతుంది, కంగారుపడకండి. అరచేతి వేడికి నిమిషంలో కొబ్బరి లౌజులా దగ్గరపడుతుంది. అప్పుడు చెయ్యి ఆపెయ్యాలి. ఇంకా పిసికితే కొవ్వు కరిగి మళ్లీ మొదటికొస్తారు.

ఒక్కో ఉండ 25 గ్రాములు. పెద్ద ఉసిరికాయంత అనుకోండి. మీరు నిమ్మకాయంత చేశారు, అందుకే పైన ఎండి లోపల వేడెక్కేసరికి పిడచగా తయారైంది. 454 గ్రాముల ప్యాకెట్టుకి పద్దెనిమిది వస్తాయి. చేసినవాటిని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ గంట తగ్గించకండి.

పైపూత మూడు పళ్లేలు. మొదటిదానిలో మైదా, రెండోదానిలో గిలక్కొట్టిన గుడ్డు, మూడోదానిలో మీ బంగారు పాంకో. మైదా పల్చగా అంటితే చాలు, దులిపెయ్యండి. ఎక్కువైతే అదే జారుడుబల్ల, మొత్తం పొర ఊడి చేతికొస్తుంది. మీ ఫొటోలో చిప్పలా విడిపోయి పక్కన పడున్నది అదే. గుడ్డులో ముంచడానికి ఒక చెయ్యి, పొడిలో దొర్లించడానికి ఇంకో చెయ్యి వాడండి, లేకపోతే మీ వేళ్లే బాన్‌బాన్లవుతాయి. పాంకోలో వేశాక అరచేతుల మధ్య మెల్లగా అదమండి. మళ్లీ గుడ్డు, మళ్లీ పాంకో, రెండో పూత. తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే మైదా తడి పీల్చుకుని పొరను పట్టుకుంటుంది, పొడి ఎగిరి కాయిల్‌కి చేరదు. పళ్లెంలో వదులుగా రాలిన పొడిని మాత్రం ఫ్రైయర్‌లోకి రానివ్వకండి.

ఫ్రైయర్‌ని 190 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు ఖాళీగా తిప్పండి. జాలీకి బ్రష్‌తో కాస్త నూనె. ఉండల మధ్య వేలు పట్టేంత ఖాళీ, ఒకే వరస. తొమ్మిది పడితే తొమ్మిదే, పదోది ఇరికించొద్దు. గాలి తిరగకపోతే మిగతా తొమ్మిదీ మెత్తబడతాయి. ఆరు నిమిషాలకి ఒకసారి చెంచాతో తిప్పి, ఇంకో నాలుగు నిమిషాలు. లోపలి వేడి చూసే థర్మామీటరు ఉంటే నడిమధ్యలో గుచ్చండి. 75 దాటాలి. ఒకసారి ఉడికినదాన్ని మళ్లీ వేడిచేసేటప్పుడు స్కాట్లాండ్ హోటళ్లకి పెట్టిన లెక్క 82, మీరూ దాన్నే పట్టుకుంటే ఇంకా మంచిది. రెండో వాయికి జాలీ అప్పటికే కాలి ఉంటుంది, ఒక నిమిషం ముందే చూడండి. తీసినవాటిని టిష్యూ కాగితం మీద గుట్టగా పోయొద్దు, కింద ఆవిరి పట్టి మెత్తబడతాయి. జల్లెడ లాంటి వైరు స్టాండు మీద పెట్టండి.

పాంకో బదులు ఓట్స్ వాడొచ్చు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం. హెర్రింగ్ చేపను ఓట్స్ రవ్వలో దొర్లించి వేయించడం స్కాట్లాండ్‌లో పాత అలవాటు. మామూలు ఓట్స్‌ని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, పాంకోలాగే పెనం మీద వేయించుకోండి. బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. కరకర కాస్త మొరటుగా ఉంటుంది, గింజ పంటికి తగులుతుంది. పై అంతస్తు ఆవిడ అది గుర్తుపడతారు.

నంచుకోవడానికి అక్కడ విస్కీ వేసిన క్రీమ్ సాస్ చేస్తారు. పాప ఉంది, అత్తయ్య గారు ఉన్నారు, కాబట్టి ఒక గిన్నెలో విస్కీ లేకుండా ఆవాల ముద్ద కలిపిన క్రీమ్ చెయ్యండి. పక్కన మన అల్లం పచ్చడి పెట్టండి. హాగిస్‌లో మిరియాల ఘాటు ఉంటుంది, బెల్లం పడ్డ అల్లం పచ్చడి దానికి బాగా అమరుతుంది. అల్లం పచ్చడి చెయ్యడం ఎవరికి బాగా వచ్చో నేను చెప్పక్కర్లేదు.

స్కాచ్ ఎగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను: ఆ రోజుకి వద్దు. పేరులో స్కాచ్ ఉంది గానీ దాన్ని మేమే 1738లో కనిపెట్టామని చెప్పుకునేది లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం. బర్న్స్ నైట్‌కి అది పెడితే మీ క్లోజ్‌లో ఎవరో ఒకరు "ఇది ఇంగ్లిష్‌వాళ్లది కదా" అని తీరతారు. మన నర్గిసీ కోఫ్తాయే దానికి తాత అనే వాదం కూడా ఉంది, తేలలేదు. హైదరాబాద్‌లో నర్గిసీ కోఫ్తా తిన్నవాళ్లకి ఆ వాదం వెంటనే నచ్చుతుంది, నాకూ నచ్చింది. పాప కోసం ఇంకో రోజు చెయ్యాలనుకుంటే: పెద్ద గుడ్డు ఆరు నిమిషాలు మరిగే నీళ్లలో, తర్వాత ఐసు నీళ్లలో, వలిచి, 80 గ్రాముల సాసేజ్ కీమా పల్చగా చుట్టూ కప్పి, ఇదే పూత, 180 దగ్గర పదిహేను నిమిషాలు. ఇక్కడ కీమా పచ్చిది, కాబట్టి థర్మామీటరు లేకుండా చెయ్యొద్దు.

ఇప్పుడు అత్తయ్య గారు.

"కడిగేస్తే పోతుంది" అన్నారు మీ వారు. జాలీ కడగొచ్చు, డబ్బా కడగొచ్చు. పైన కాయిల్, దాని వెనక ఫ్యాను? వాటిని నీళ్ల కింద పెట్టలేరు. ఉండల్లోంచి చిందిన కొవ్వు గాలితోపాటు అక్కడికే చేరుతుంది, తర్వాత అప్పడం కాల్చినా ఆ గాలే దాని మీద తిరుగుతుంది. మీ ఉత్తరంలోనే ఉంది, మాడువాసన పై నుంచి వచ్చిందని. అంటే ఆవిడ పట్టింపులో మడి ఎంత ఉందో గానీ, వస్తుజ్ఞానం కూడా అంతే ఉంది. చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు.

మీ ముందు నాకు నాలుగు దారులు కనబడుతున్నాయి. ఏదీ ఊరికే రాదు.

ఒకటి, మీ వారి దారి. మాంసం హాగిస్ అందులోనే చేసి, తుడిచి, చెప్పకుండా ఊరుకోవడం. 25వ తేదీ గడిచిపోతుంది. కానీ మీ ఇల్లు చిన్నది, ఆవిడ రోజంతా ఇంట్లోనే ఉంటారు, పాపకి మాటలొచ్చు. ఎప్పుడో తెలుస్తుంది. తెలిసిన రోజు ఆవిడ పెరుగన్నం కూడా అనుమానంగానే కలుపుకుంటారు, ఇంకా మూడు నెలల వీసా మిగిలి ఉండగా. నేనైతే ఈ దారి జోలికి పోను, కానీ ఇల్లు మీది.

రెండు, నూనెలో వేయించడం. రుచి విషయంలో అబద్ధం చెప్పను, నూనెలో వేగిన బాన్‌బాన్‌కి ఎయిర్ ఫ్రైయర్‌ది సాటి రాదు. కానీ స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లో వంటింటికి వేడి అలారం, హాల్లోనూ నడవాలోనూ పొగ అలారాలు ఉండాలి, ఒకటి మోగితే అన్నీ మోగాలి అని రూలు వచ్చింది. తొమ్మిదిమంది అతిథులు, బాణలి నిండా నూనె, పాప కాళ్లకి అడ్డంపడుతూ, మధ్యలో ఇల్లంతా సైరన్. పైగా మిగిలిన నూనె సింకులో పోస్తే ఎనిమిది ఇళ్ల పైపు మూసుకుపోతుంది, సీసాలో పోసి పారెయ్యాలి. ధైర్యం ఉంటే ముందురోజే వేయించి పెట్టుకుని, ఆ పూట ఓవెన్‌లో వేడి చేసుకోవచ్చు. ఈ దారిలో అత్తయ్య గారి ఫ్రైయర్ జోలికి పోరు కాబట్టి ఆ సమస్య ఉండదు.

మూడు, ఫ్రైయర్‌ని ఆవిడకి వదిలేసి, మాంసానిది ఓవెన్‌లో చెయ్యడం. ట్రేని ముందే ఓవెన్‌లో కాల్చి, దాని మీద ఉండలు పెట్టి, ఫ్యాన్ ఓవెన్‌లో 200 దగ్గర ఓ పద్దెనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. పాంకో ముందే వేయించారు కాబట్టి రంగు బాగానే ఉంటుంది. పద్దెనిమిదీ ఒకే వాయిలో అయిపోతాయి, ఇది ఫ్రైయర్‌కి లేని సుఖం. ఇబ్బంది ఏమిటంటే, మీరు 'ఎయిర్ ఫ్రైయర్‌లో' అని అందరికీ చెప్పేశారు. దాన్ని మీరు తప్ప ఎవరూ పట్టించుకోరు. ఇప్పటికే ఒకసారి మాంసం వేగిన ఫ్రైయర్ మాత్రం ఆవిడకి మళ్లీ పనికొస్తుందా అన్నది ఆవిడే చెప్పాలి. పనికిరాదంటే యాభై పౌండ్లు అటూఇటూగా చిన్నది ఇంకోటి వస్తుంది. పాతది మీది, కొత్తది ఆవిడది. గట్టు మీద చోటు పోతుంది, "రెండెందుకు" అని మీ వారు సణుగుతారు. గారెలకి నవ్విన మనిషే డబ్బు పెడితే బాగుంటుందని నా కొంటె ఆలోచన.

నాలుగు, మాంసం లేని హాగిస్. ఇది మనవాళ్ల సర్దుబాటు కాదు, స్కాట్లాండ్‌దే. ఎడిన్‌బరోలో మొదలైన మాక్స్వీన్ కంపెనీ వాళ్లు 1984 నుంచి శాకాహార హాగిస్ చేస్తున్నారు. ఓట్స్, కాయధాన్యాలు, కూరగాయలు, గింజలు, అవే మిరియాలు. అక్కడ మాంసం తినేవాళ్లు కూడా చాలామంది ఇష్టంగా కొనుక్కుంటారు. దీనికి కొవ్వు తక్కువ కాబట్టి ఉండ సరిగ్గా నిలవదు, ఓ ఉడికించిన బంగాళాదుంప మెదిపి కలిపితే బోండా ఉండలా గట్టిపడుతుంది. గుడ్డు బదులు జారు: ఆరు పెద్ద చెంచాల మైదా, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, 90 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు. చెంచా వెనక్కి పూతలా పట్టాలి, కారిపోకూడదు. మిగతాదంతా ఇందాకటిలాగే, పైపూత మాత్రం ఒక్కసారి చాలు. ప్యాకెట్టు వెనక పదార్థాల పట్టిక అత్తయ్య గారికి చదివి వినిపించండి. ఉల్లిపాయ ఉంటుంది, ఏ రోజైనా ఉల్లి తినని నియమం ఉంటే ముందే తెలియాలి.

అన్నీ శాకాహారమే పెడితే పై అంతస్తు ఆవిడ చిన్నబుచ్చుకుంటారేమోనని మీ భయం. ఇక్కడ మీరు ఒకటి మరచిపోయారు. బర్న్స్ నైట్‌లో హాగిస్‌ని ముక్కలు చేసి తెచ్చిపెట్టరు. అది నిండుగా, బొద్దుగా పళ్లెంలో రావాలి. దాన్ని ఉద్దేశించి రాబర్ట్ బర్న్స్ రాసిన పద్యం ఒకరు నిలబడి చదవాలి, చదువుతూ చదువుతూ కత్తి దించాలి. ఆ ఊపులో ముక్కలు బల్ల మీద పడతాయి, అందరూ చప్పట్లు కొడతారు. ఆ రోజు అసలు ఘట్టం అదే. మీరు ఉన్న హాగిస్సంతా ఉండలు చేసేస్తే కత్తి దించడానికి ఏం మిగులుతుంది? బాన్‌బాన్లు భోజనానికి ముందు చిరుతిండి మాత్రమే.

కాబట్టి పైకెళ్లి ఆవిణ్ణే అడగండి: "నిండు హాగిస్ మీరు చేసి తెస్తారా? పద్యం మీరే చదువుతారా?" ఆవిడ ఇంట్లోనే ఉడుకుతుంది, ఆవిడ కత్తితోనే తెగుతుంది, మీ వంటింట్లో మాంసం వాసన రాదు. కాకపోతే ఆ వయసులో ఆవిడకి ఇష్టమో కాదో, ఓపిక ఉందో లేదో ముందు కనుక్కోండి. అత్తయ్య గారు ఆ బల్ల దగ్గర కూర్చోవాలా, పాపతో లోపలి గదిలో ఉండాలా అన్నది కూడా ఆవిడకే వదిలెయ్యండి. బల్ల దగ్గరికి రాలేదని బాధపడకండి, వస్తే వింతగా చూడకండి.

ఇంతకీ అత్తయ్య గారితో మాట ఎలా మొదలుపెట్టాలని అడిగారు. క్షమాపణలతో మొదలుపెట్టొద్దనే నా మనవి. "నా వల్ల మీకు కష్టం కలిగింది అత్తయ్యా" అంటే, "అదేం లేదమ్మా" అంటారు, తలుపు మూసుకుపోతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఆ జవాబు నాలిక చివరే ఉంటుంది. దాని బదులు పని అడగండి. ఈ శనివారం శాకాహార హాగిస్ ఒక్క ప్యాకెట్టు తెచ్చి, "అత్తయ్యా, ఉండలు నిలవడం లేదు, మీరొకసారి చెయ్యి పెట్టి చూస్తారా? ఇందులో మాంసం లేదు, గుడ్డు కూడా లేదు, ఇదిగో చదువుతాను" అనండి. ఫ్రైయర్ మాట మీరే ఎత్తండి: "ఆ రోజు ఇందులో మాంసం వండాను, మిమ్మల్ని అడగకుండా. ఇప్పుడు ఇందులో చెయ్యనా, ఓవెన్‌లో పెట్టనా?" ఆవిడ ఓవెన్ అంటే ఓవెన్. ఒకవేళ "నాకొద్దులే, మీరు చేసుకోండి" అని లేచి వెళ్లిపోతే, వెళ్లనివ్వండి. మీరు దాచలేదు, ఆవిడకి తెలుసు. ఇప్పటికి అది తక్కువేమీ కాదు.

వీలైతే అదే పూట బాణలి పెట్టి, గరిటెడు నూనెలోనే నాలుగంటే నాలుగు గారెలు వెయ్యమనండి. స్టెంటు వేసిన మనిషికి రోజూ కాదు, డాక్టరు గారు ఏమన్నారో మీకే తెలుసు. కానీ ఆ గారెలు మీ వారి పళ్లెంలో పెట్టి, ఆయన తింటూ ఉండగా ఆవిడ మొహం ఒకసారి చూడండి. నా అనుమానం నిజమో కాదో మీకు అక్కడే తెలిసిపోతుంది. తెలిశాక నాకు రెండు ముక్కలు రాయండి.

శనివారం పద్దెనిమిదీ చెయ్యకండి. ఆరు చాలు. మూడు పాంకోతో, మూడు ఓట్స్‌తో చేసి, రెండు పైకి పంపండి. ఏది బాగుందో గ్రానీ చెబుతారు.